పిల్లలతో థీసిస్ చివరి దశ: మీ ఇంట్లో ఎలా నడిచింది?

చీరాల_చెల్లి

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. 1900 తర్వాత వచ్చిన స్త్రీల పత్రికల మీద పని. పుట్టిల్లు చీరాల కావడం కలిసొచ్చింది. పక్కనే వేటపాలెం సారస్వత నికేతనం కదా, సెలవులకి వెళ్లినప్పుడు పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి పాత సంచికలు చూసుకునేదాన్ని. సమాచారం అంతా చేతిలో ఉంది. ఐదు అధ్యాయాల్లో మూడు గైడ్ గారు చూసేశారు. మిగతా రెండూ, ముగింపూ రాయాలి. అక్కడే ఆగిపోయాను.

ఆరో ఏడు నడుస్తోంది. ఫెలోషిప్ ఐదేళ్లతో అయిపోయింది, అందుకని ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్‌గా క్లాసులు చెబుతున్నాను. పాప యూకేజీ, బాబుకి రెండున్నర. ఆయనది సాఫ్ట్‌వేర్, వారంలో మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి. అత్తయ్య గారు ఊరి నుంచి వస్తూ పోతూ ఉంటారు.

పని ఎక్కువైతే ఎలాగో తట్టుకుంటాను. ఏ రోజూ అనుకున్నట్టు గడవదు, దాంతోనే వేగలేకపోతున్నాను. సోమవారం రాద్దామని కూర్చుంటే బాబుకి జ్వరం, ప్లేస్కూల్ వాళ్లు తీసుకోరు. బుధవారం కూర్చుంటే, రేపు పసుపు డ్రెస్ వేసి ఒక పండు బొమ్మ ఇచ్చి పంపమని రాత్రి తొమ్మిదింటికి స్కూల్ గ్రూపులో మెసేజ్. మళ్లీ ఎప్పుడో ఫైలు తెరిస్తే నేను ఏం వాదిద్దామనుకున్నానో నాకే గుర్తుండదు. మొదటి నుంచీ చదువుకోవాలి. చదివేసరికి వ్యాన్ వచ్చే టైమ్.

నేను చదివే పత్రికల్లో ఇల్లు ఎలా చక్కబెట్టుకోవాలో పేజీలకి పేజీలు ఉంటుంది. వాటి మీద అధ్యాయం రాయడానికే నాకు ఇల్లు వీలివ్వడం లేదు.

పిల్లలతో పూర్తి చేసినవాళ్లు ఎలా చేశారో చెప్పండి. ఒక్క మనవి, తెల్లవారుజామున నాలుగింటికి లేవమని మాత్రం చెప్పకండి. నేను లేస్తే మావాడూ లేస్తున్నాడు.

తెల్లారిందోయ్

మనవి చదివాను. అయినా చెప్పకుండా ఉండలేను, నాకు పనిచేసింది నాలుగింటికి లేవడమే. మా పిల్లలు ఏడు దాకా కదలరు. మీవాడు లేస్తున్నాడంటే వేరే గదిలో పడుకోబెట్టి... సరే సరే, ఆపేస్తున్నా.

వైజాగ్_కెమిస్ట్రీ

నాది ఆర్గానిక్ కెమిస్ట్రీ. పదార్థాల్ని వేరు చెయ్యడానికి కాలమ్ వేశాక మధ్యలో వదిలి రావడానికి ఉండదు, అందుకని ల్యాబ్ నడిచినన్నాళ్లు ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. "పాపం ల్యాబ్‌లో ఉంది" అనేవాళ్లు. అది అయిపోయి, రాయడానికని ఇంట్లో కూర్చున్నానో లేదో మొదలైంది. గ్యాస్ బండ వచ్చింది సంతకం పెట్టు, పనమ్మాయి రాలేదట, చిన్నదానికి నీళ్లు పొయ్యి. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క.

అందుకని ఇంట్లో రాయడం మానేశాను. టిఫిన్ డబ్బా పట్టుకుని ఏయూలో వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి వెళ్లిపోయేదాన్ని. ఇంటి నుంచి మనిషి కదిలితేనే పని చేస్తోందని ఇంట్లోవాళ్లు నమ్ముతారు. మీకు యూనివర్సిటీ దూరమైతే దగ్గర్లో జిల్లా గ్రంథాలయమో, పోటీ పరీక్షల పిల్లలు కూర్చునే రీడింగ్ రూమో చూసుకోండి. నెలకి కొంత తీసుకుంటారు, ఫ్యానూ ప్లగ్గూ ఉంటాయి, చాలు.

ఇక పనిని రెండు కుప్పలు చెయ్యండి. తల పెట్టాల్సింది ఒకటి: వాదన, విశ్లేషణ, ముగింపు. తల అక్కర్లేనిది ఇంకొకటి: రెఫరెన్సులన్నీ ఒకే పద్ధతిలోకి తేవడం, పట్టికలకి నంబర్లు, మార్జిన్లు, విషయసూచిక. రెండో కుప్ప కార్టూన్ మోతలో కూడా అవుతుంది. మొదటిదాన్ని ఇంట్లో ముట్టుకోకండి, ముట్టుకుంటే చిరాకొచ్చి పిల్లల మీద అరుస్తాం.

మొదటి నుంచీ చదువుకోవాల్సి వస్తోంది అన్నారు కదా. లేచేముందు ఫైలు చివర రెండు ముక్కలు రాసి లేవండి. "తర్వాత ఇది చెప్పాలి, ఫలానా సంచిక మళ్లీ చూడాలి" అని, అంతే. వాక్యం సగంలో ఆగినా నష్టం లేదు. వారం తర్వాత తెరిచినా అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు.

ముక్కుసూటి

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను. ఇంత అవస్థ ఎందుకమ్మా? 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నెట్టో సెట్టో, ఆ అర్హత పరీక్ష ఏదో ఒకటి ఉంటే చాలని, పీహెచ్‌డీ తప్పనిసరి కాదని యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీయే చెప్పింది. పిల్లలు కాస్త పెద్దయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు. ఈ వయసు ముచ్చట్లు మళ్లీ రావు.

వైజాగ్_కెమిస్ట్రీ

అప్లికేషన్ పెట్టడానికి నెట్ చాలు, నిజమే. ఇంటర్వ్యూకి ఎవర్ని పిలవాలో తేల్చే దగ్గర సంగతి వేరు. యూజీసీ 2018 నిబంధనల్లో యూనివర్సిటీ పోస్టుల షార్ట్‌లిస్టుకి పీహెచ్‌డీకి 30 మార్కులు. జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్‌తో నెట్ ఉంటే 7, ఉత్త నెట్‌కి 5. ఆ తేడా ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? రెండు అధ్యాయాల పనికోసం ఆరేళ్ల పని వదిలేయమంటున్నారు. ఇదే ప్రశ్న ఒక నాన్న అడిగితే "పిల్లలు పెద్దయ్యాక రాసుకో బాబూ" అనేవారా అండీ?

ముక్కుసూటి

మార్కుల సంగతి తెలీదు, ఒప్పుకుంటాను. రెండో ప్రశ్నకి జవాబు చెబితే తిడతారు, చెప్పను.

ఫైలు_బాబాయి

ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రీసెర్చ్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రూల్స్ సంగతి చెబుతాను, చర్చ మీరు చేసుకోండి.

అమ్మాయి ఆరో ఏడంటోంది కాబట్టి ముందు అడ్మిషన్ ఆర్డర్ మీద తేదీ చూసుకోవాలి. 2022 నవంబరు 7న కొత్త పీహెచ్‌డీ నిబంధనలు గెజిట్‌లో వచ్చాయి. అంతకుముందు చేరినవాళ్లకి తాము చేరినప్పటి పాత నిబంధనలే, అంటే 2016వో అంతకంటే ముందువో. 2016 ప్రకారం గడువు ఆరేళ్లు, మహిళలకి ఇంకో రెండేళ్లు సడలింపు ఇవ్వవచ్చు. ప్రసూతికో పిల్లల సంరక్షణకో మొత్తం కోర్సులో ఒకసారి 240 రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చు, అది సడలింపుకి అదనం. 2022 వాటిలో కూడా ఆ 240 రోజులు ఉన్నాయి. రీ-రిజిస్ట్రేషన్‌తో ఎనిమిదేళ్లు, మహిళలకీ 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికీ పది దాటకుండా.

"ఇవ్వవచ్చు" అన్న మాట గమనించండి. అడిగితేనే ఇస్తారు. అడగడం కూడా గడువు దాటకముందే, కాగితం మీద. గైడ్ సంతకం, శాఖాధిపతి, డీన్, అక్కడి నుంచి మా సెక్షన్. ఒక్కో బల్ల మీద ఎన్నాళ్లు ఉంటుందో దేవుడికే తెలియాలి, మా బల్లతో సహా. గడువుకి నాలుగైదు నెలల ముందే పెట్టుకోండి. మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్‌లో సొంత ఫారం, ఫీజు ఉంటాయి, వాటిని కూడా చదవండి. ఫీజు బకాయి లేదన్న రసీదు, అడ్వైజరీ కమిటీ రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. నా సర్వీసులో ఎక్కువ ఫైళ్లు వెనక్కి వెళ్లింది ఈ రిపోర్టుల్లో ఏదో ఒక సెమిస్టర్‌ది లేకే.

చీరాల_చెల్లి

బాబాయి గారూ, చాలా థాంక్స్. బాబు పుట్టినప్పుడు సెలవు తీసుకున్నాను, ఆర్డర్ కాపీ ఉంది. ఆ రోజులు గడువుకి కలుస్తాయా అని శాఖలో ఒకరు కలుస్తాయంటారు, ఒకరు కలవవంటారు. మీరు చెప్పినదాన్ని పట్టుకుని రాతపూర్వకంగా అడుగుతాను.

వైజాగ్ అక్కా, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఖాళీ అన్న మాట మా ఆయనకి చదివి వినిపించాను. నవ్వాడు. నవ్వి, "ఇంతకీ రేపు బాక్సులోకి ఏంటి?" అన్నాడు.

కరీంనగర్_నాన్న

చెల్లెమ్మా, ఆ "బాక్సులోకి ఏంటి" అన్న మాట దగ్గరే ఉంది అంతా. మా ఆవిడ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసింది, డిగ్రీ అవార్డయింది. ఆమెకి చివరి ఏడాది ఉన్నప్పుడు పనులు పంచుకున్నాం కానీ ముక్కలు ముక్కలుగా కాదు. స్కూలు మొత్తం నాది. మొత్తం అంటే లేపడం, స్నానం, జడలు, బాక్సు, డైరీ మీద సంతకం, ఫీజు, పేరెంట్ మీటింగు, పసుపు డ్రెస్సు, పండు బొమ్మ, అన్నీ. బాక్సులో ఏం పెట్టాలో ఆమెని అడగడానికి లేదు. అడిగానంటే పని నేను చేసినా ఆలోచన ఆమెదే అవుతుంది.

అన్నిటికన్నా పనిచేసింది చిన్న సంగతి. స్కూలు డైరీలో మొదటి ఫోన్ నంబర్ నాది రాయించాం, క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆమె బదులు నేను చేరాను. టీచర్‌కి అలవాటు కాలేదు, కొన్నాళ్లు నంబర్ వెతుక్కుని మరీ ఆమెకే చేసేది. మీటింగులో కూర్చుని నేరుగా చెప్పాల్సి వచ్చింది, "మేడమ్, పాపకి ఏదైనా ఉంటే నాకే చెప్పండి, వాళ్లమ్మ రాసుకుంటున్నది" అని. ఆ గ్రూపులో మగవాణ్ని నేనొక్కణ్నే. ఇప్పటికీ "డియర్ మదర్స్" అనే పెడతారు మెసేజ్.

మందుల సంగతి కూడా. జ్వరం సిరప్ ఎంత పోయాలో పిల్ల బరువుని బట్టి డాక్టర్ చెప్పింది అల్మారా తలుపు లోపల కాగితం మీద రాసి అంటించాం. రాత్రి రెండింటికి ఆమెని లేపి అడగాల్సిన పని లేదు.

కూకట్‌పల్లి_కుర్రది

మేం ఇద్దరం ఉద్యోగాలు, నేను దూరవిద్యలో ఎంబీఏ కూడా. అన్నం, పప్పు ఇంట్లో. కూర కర్రీ పాయింట్ నుంచి. ఇంత సులువు పనిని ఎవరూ చెప్పరేంటి?

తెల్లారిందోయ్

కర్రీ పాయింట్ నూనె రెండేళ్ల పిల్లాడికా?

కూకట్‌పల్లి_కుర్రది

పిల్లాడికి పప్పన్నం, పెరుగన్నం. కూర మాకు. నాలుగింటికి లేచి వంకాయ కోయడం కన్నా నయం కదండీ.

తెనాలి_నాయనమ్మ

ఇక్కడ రాయడం నాకు కొత్త, తప్పులుంటే సర్దుకోండి. మా కోడలు బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తోంది. మావైపు మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను.

అత్తగారు వస్తూ పోతూ ఉంటారు అన్నావు చూడు తల్లీ, అదే మాకు కష్టం. పిల్లాడికి జ్వరం రాగానే ఫోను, వెంటనే రైలెక్కమంటారు. పాలవాడికి చెప్పాలి, చీటీ డబ్బు ఎవరి చేతనో కట్టించాలి, ఇక్కడ మా ఆయనకి షుగరు, ఆయన వంట ఎవరికో అప్పగించాలి. వచ్చాక ఎన్నాళ్లుండాలో చెప్పరు. అడిగితే వెళ్లిపోవాలని చూస్తున్నాననుకుంటారు. ఫలానా తేదీ నుంచి ఫలానా పండగ దాకా అని ముందే చెప్పండి, మేమూ మా ఇల్లు చక్కబెట్టుకుని స్థిమితంగా వస్తాం.

రెండున్నరేళ్ల వాడి వెనక పొద్దున్నుంచి రాత్రి దాకా పరిగెత్తడానికి మా మోకాళ్లు ఒప్పుకోవు. బడి నుంచి వచ్చాక అన్నం పెట్టి నిద్రపుచ్చమంటే హాయిగా చేస్తాం. ఆ ముక్క నోరు తెరిచి చెప్పలేక సణుగుతాం. మీరేమో అత్తగారికి కోడలి చదువు గిట్టదనుకుంటారు.

ఇంకొకటి. ఫోను చూపించి ముద్దలు పెడుతున్నానని మా కోడలికి కోపం. నువ్వు లైబ్రరీలో ఉన్నంతసేపూ నా పద్ధతి, నువ్వు వచ్చాక నీ పద్ధతి అని చెప్పాను. మొహం ముడుచుకుంది కానీ ఒప్పుకుంది.

చీరాల_చెల్లి

పిన్నిగారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏం తోచలేదు. మా అత్తయ్య గారు సణగడం నేనూ అలాగే అర్థం చేసుకుంటూ వచ్చాను.

ఒహాయో_వంటిల్లు

ఇక్కడ నాది ఇంకో వరస. పీహెచ్‌డీ మావారిది, అమెరికాలో. నాది ఎఫ్-2 వీసా, దీని మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఆయనకి వారానికి ఇరవై గంటలు టీచింగ్ అసిస్టెంట్ పని, దాని మీద వచ్చేదే ఇంటి ఖర్చుకి. వేసవిలో అదీ ఉంటుందో లేదో మే నెల దాకా తేలదు. పెద్దవాడు కిండర్‌గార్టెన్‌కి వచ్చాడు, పబ్లిక్ స్కూలు కాబట్టి ఫీజు లేదు. చిన్నది ఇంట్లోనే. యూనివర్సిటీ ఫ్యామిలీ క్వార్టర్స్‌లో మా వరుసలో ఉన్న తెలుగువాళ్లందరిదీ ఒకటే పద్ధతి, అమ్మ ఆరు నెలలు, అత్తయ్య ఆరు నెలలు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఇచ్చేది అంతే.

థీసిస్ రాసేవాళ్ల కష్టం అందరికీ కనిపిస్తుంది. రాయనివాళ్ల వైపు నుంచి రెండు మాటలు. "అయిపోవచ్చింది" అనకండి, దయచేసి. ఆ మాట నేను వినని సెమిస్టర్ లేదు. ఏ అధ్యాయం ఎవరి దగ్గర ఉంది, గైడ్ ఏం మార్చమన్నారు, తర్వాత ఏం రాయాలి, ఇది ఫ్రిజ్ మీద కాగితంలో ఉంటే నాకు కోపం సగం తగ్గింది. మూడో అధ్యాయం ప్రొఫెసర్ దగ్గరే నెల నుంచీ పడుందని చూస్తే మరి ఆయన్ని ఏమంటాం.

రెండోది, నాకూ వారంలో ఒక పూట కావాలని అడిగాను. ఆ పూట నేను ఏం చేస్తానని ఆయన అడగకూడదు. మొదటిసారి కారులో కూర్చుని నిద్రపోయాను.

కరీంనగర్_నాన్న

ఫ్రిజ్ మీద కాగితం మేం కూడా పెడితే బాగుండేది.

డీటీపీ_దాదా

అసలు ప్రశ్నకి సంబంధం ఉందో లేదో గానీ, టైమ్ మింగేసే దాని గురించి ఒకటి. మీది తెలుగు థీసిస్ కదా మేడమ్, టైపింగ్ ఎందులో? అనూలో అయితే ఇప్పుడే చెబుతున్నా. మా సెంటర్‌కి వచ్చే స్కాలర్లందరి గొడవా చివరి నెలలోనే. అనూ ఫాంట్లలో చేసింది తెరమీద తెలుగులా కనిపిస్తుంది, లోపల ఇంగ్లిష్ గుర్తులే. కాపీని పట్టే ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే అది గజిబిజి అక్షరాలుగా చదువుతుంది. థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో పెట్టాక వెతికినా దొరకదు. యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక వత్తులూ గుణింతాలూ అక్కడక్కడా ఎగిరిపోతాయి, పద్యాలుంటే మరీ. మళ్లీ మొత్తం ప్రూఫు చూడాలి. ఆ ప్రూఫు పనికి తల కావాలి, కెమిస్ట్రీ మేడమ్ లెక్కలో మొదటి కుప్పే.

కాబట్టి అయిపోయిన మూడు అధ్యాయాలూ ఇప్పుడే మార్చేయండి. మిగతా రెండూ నేరుగా యూనికోడ్‌లో కొట్టండి.

ఫైలు_బాబాయి

ఈయన చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఒక మాట కలుపుతాను. 2018 యూజీసీ ప్లేజియరిజం నిబంధనల్లో పది శాతం దాకా పోలికకి ఇబ్బంది లేదు. ఎక్కడిదో చెప్పి గానీ, అవసరమైన అనుమతులతో గానీ ఎత్తి రాసిన ఉల్లేఖనలు, గ్రంథసూచి, కృతజ్ఞతలు అందులో లెక్కలోకి రావు. పాత పత్రికల ఉల్లేఖనలు ఎక్కువుంటాయి కాబట్టి భయపడకు.

వైజాగ్_కెమిస్ట్రీ

ఏమైంది చెల్లీ, చప్పుడు లేదు?

చీరాల_చెల్లి

ఇద్దరికీ జ్వరాలు అక్కా, ఒకరి తర్వాత ఒకరికి. ఇప్పుడు తగ్గాయి.

ఆదివారం మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. కరీంనగర్ అన్నయ్య గారి పోస్టు మా ఆయన చేతే చదివించాను. స్కూలు పని ఆయన తీసుకున్నాడు, డైరీలో నంబర్ మార్చాడు. గ్రూపులోంచి నేను బయటికి వచ్చేశాను. చేతులు ఊరికే ఉండక ఆయన ఫోన్‌లో మెసేజ్‌లు చూస్తున్నాను, అది మానాలి. ప్లేస్కూల్ మాత్రం ఇంకా నాదే, దాని మీద తెగలేదు. పిల్లలకి ఒంట్లో బాగోకపోతే ఆయన ఇంట్లో ఉండే రోజుల్లో ఆయన, ఆఫీసు రోజుల్లో నేను. "మీటింగ్ ఉంటేనో?" అన్నాడు. నాకు క్లాసుంటేనో అన్నాను. అక్కడ ఆగాం.

మా ఇంటి దగ్గర గ్రంథాలయంలో ఒక మూల బల్ల దొరికింది. ఎదురుగా గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు, తలెత్తరు. నాలుగో అధ్యాయం కదిలింది.

అత్తయ్య గారికి పిన్నిగారు చెప్పినట్టే తేదీలు చెప్పి అడిగాం. దసరా వెళ్లగానే వచ్చి సంక్రాంతి దాకా ఉండమన్నాం. సంతోషంగా సరే అన్నారు. అరగంట తర్వాత మళ్లీ ఫోన్ చేసి, "కార్తీకమాసం మాత్రం అక్కడ ఉండలేనమ్మా" అన్నారు.

తెనాలి_నాయనమ్మ

కార్తీకంలో ఇల్లూ కృష్ణా వదిలి ఎవరొస్తారు తల్లీ. పోలి స్వర్గం అయ్యాక వస్తారులే.

ముక్కుసూటి

థీసిస్ మీద చివరి మౌఖిక పరీక్ష, అదే వైవాకి పిలుపు వస్తే ఇక్కడ పెట్టండి. ఆన్‌లైన్‌లో ఉంటే వింటాను.

డీటీపీ_దాదా

మేడమ్, ఇంతకీ ఆ మూడు అధ్యాయాలూ అనూ ఏ వెర్షన్‌లో ఉన్నాయి? అది చెబితే ఏ కన్వర్టర్ వాడాలో చెబుతాను.

చీరాల_చెల్లి

7 అనుకుంటానండీ. టైప్ చేసినాయన్ని రేపు అడిగి చెబుతాను.